ఇంకో వారం

ఎర్విన్ మిబుస్ ఆరో ద్రాక్షపండు నోట్లో వేసుకుని, తోలు నమిలి ఉమ్మేసి, గింజను పళ్ల మధ్య పటుక్కున కొరికాడు. వేయించిన వేరుశనగలా కరకరలాడింది. పచ్చి వగరు లేదు. కాయ కోతకొచ్చింది.

డెబ్బైరెండేళ్ల మనిషి. నడుము వంగింది. కత్తెర పట్టీ పట్టీ కుడి బొటనవేలు పక్కకు తిరిగిపోయింది. నలభై ఏళ్లుగా ట్రెగెంజాల తోటలో ప్రతి చలికాలమూ ఈ ముసలి తీగలను కత్తిరించింది అతనే. ఈ ఏడు మా బరోసా లోయలో చలికాలపు వానలు సగమే పడ్డాయి. పూత మీద ఒకసారి మంచు దెబ్బ. జనవరి నడివేసవి ఎండలకు కాయ చిన్నదిగానే ఉండిపోయి తోలు మందమెక్కింది. అలాంటి కాయలో రసం తక్కువే గాని, ఆ వైన్ ఇరవై ఏళ్లు నిలుస్తుంది. ఇలాంటి పంటను ఎర్విన్ తన జన్మలో మూడుసార్లే చూశాడు.

రెండు రోజులుగా వాయవ్యం నుంచి జిగట గాలి వీస్తోంది. వాన ఉత్తరానే ఆగిపోతుందని రేడియో అంటోంది. ఎర్విన్‌కు ఆ నమ్మకం లేదు.

తొమ్మిదేళ్ల కిందటా ఇదే గాలి. కోసేద్దామని అతను మొత్తుకుంటే, తీపి ఇంకా పెరగాలని యజమాని కాలిన్ ట్రెగెంజా ఆపాడు. మూడు రోజుల వానకు గుత్తులన్నీ పగిలి బూజు పట్టాయి. ఆదివారం చర్చి హాల్లో అందరి ముందూ, ఆగమన్నది ఎర్వినేనని కాలిన్ చల్లగా చెప్పేశాడు. కోతవాళ్లకు నిజం తెలుసు. యజమానితో పేచీ ఎందుకని ఒక్కడూ నోరు మెదపలేదు. అంతకుముందు ఇరుగుపొరుగు తోటలవాళ్లు గింజ కొరికి చెప్పమని ఎర్విన్‌ను పిలుచుకెళ్లేవారు. ఆ తరువాత ఎవరూ పిలవలేదు. ఆ కసి కడుపులో పెట్టుకునే అతను పని చేస్తూ వచ్చాడు.

ఆ మంగళవారం కాలిన్ సాలు చివర నిలబడ్డాడు. సలహా చెప్పే నిపుణుడు ఈ ఏడు మానేశాడు.

"ఏం పెద్దాయనా, కోసేద్దామా? తీపి కొలిచే నా మీటరు ఎటూ తేల్చడం లేదు. నీ గింజలేమంటున్నాయి?"

తొమ్మిదేళ్లుగా ఎదురుచూసిన ప్రశ్న. ఎర్విన్ చేతిలోని గుత్తిని ఒకసారి తిప్పి చూశాడు. నిజం నాలుక చివరి దాకా వచ్చింది. మింగేశాడు.

"ఇంకో వారం ఆగు కాలిన్. ఇంకా పచ్చిగానే ఉన్నాయి."

"ఈలోగా వానొస్తే?"

"వస్తే నా మీద చెప్పు. నీకలవాటేగా."

కాలిన్ ఇబ్బందిగా నవ్వి వెళ్లిపోయాడు. అతను అప్పుడాడిన అబద్ధాన్ని ఎర్విన్ ఇప్పుడు నిజం చేసి ఇచ్చాడు.

మర్నాడు మధ్యాహ్నం వాన అందుకుంది. ఎర్విన్ తోటలో యజమాని ఇచ్చిన రేకుల ఇంటి వసారాలో కుర్చీ వేసుకుని ఆ చప్పుడు ఆశగా, ఆకలిగా విన్నాడు. శుక్రవారం పొద్దున బూజుపట్టిన గుత్తి పట్టుకుని కాలిన్ నిలదీయడానికి వచ్చాడు. ఎర్విన్ కుర్చీలోనే, గడ్డం రొమ్ముకు ఆనించి, చల్లబడి ఉన్నాడు.

అంత్యక్రియల తరువాత హాల్లో కాలిన్ ఈసారి ఉన్నమాటే చెప్పాడు. ఆగమన్నది ఎర్వినేనన్నాడు. మనిషి పోయాక కూడా వదలవా అని కోతవాళ్లు మొహం మీదే అన్నారు. ఎవరూ నమ్మలేదు.

ఇల్లు ఖాళీ చేయడానికి కాలిన్ ఒక్కడే వెళ్లాడు. వెనక గదిలో గుడ్డ కప్పిన బకెట్ ఉంది. గుడ్డ తీశాడు. ఒక్క బూజు మచ్చ లేదు. వానకు ముందు కోసిన ద్రాక్ష, తోళ్లు పైకి తేలి, వైన్‌గా పులుస్తూ, నల్లగా నురగ కక్కుతూ పొంగుతోంది.