మందార పుల్ల

పురుగుల మ్యూజియంలో తోటమాలీ, నీళ్ల తొట్ల మనిషీ వియ్యంకులు. మాలి కూతురు తొట్లాయన కోడలు. ఇంటి దగ్గర మర్యాదలకు లోటు లేదు, డ్యూటీలో మాత్రం ఉప్పూ నిప్పూ.

గుమ్మం పక్కనున్న అద్దాల పెట్టెలో ఈ ఏడాది ఒక్క వేటపురుగునే పెడతానంది మ్యూజియం నడిపే మేడమ్. మాలి పొదల్లో పెంచిన గొల్లభామా, తొట్లాయన నీళ్లలో పెంచిన తూనీగ పిల్లా పోటీలో నిలిచాయి. రెక్కలొచ్చేదాకా తూనీగ బతుకంతా నీళ్లలోనే. పన్నెండేళ్లలో మాలి పెంచిన పురుగు ఒక్కటీ ఆ పెట్టె ఎక్కలేదు.

"మాది దర్జాగా చేతులు చాపి వేటను పట్టుకుంటుంది బావగారూ. మీదేమో పెదవి చాపి లాక్కుంటుంది. తిండి దగ్గర అంత ఆత్రమేంటండీ?"

"మీది మొగుణ్ణే తింటుందట కదా! మా కోడలికి ఆ పోలిక రాలేదు, బతికిపోయాం."

తీరా రేపు మేడమ్ చూస్తుందనగా తొట్లాయన మొహం వాడిపోయింది. "మూడు రోజులుగా ఏమీ ముట్టడం లేదండీ. పోయేట్టుంది."

మాలికి చూడగానే అర్థమైంది. గొల్లభామ కూడా కుబుసం విడిచేముందు తిండి మానేసి కొమ్మ వెతుక్కుంటుంది. నీళ్లలోంచి పైకి ఎక్కి రావడానికి ఇక్కడ కొమ్మేది? తొట్లాయన ఇన్నాళ్లూ చేపలు పెంచినవాడు, తొట్టిలో పూచికపుల్ల కనబడితే అవమానంగా భావించే మనిషి. తాను నోరు మూసుకుంటే చాలు, పెట్టె తనదే.

మాలి తోటలోకి వెళ్లిపోయాడు. కానీ మనసు ఒప్పలేదు. బతికే ప్రాణిని చూస్తూ చూస్తూ చావనివ్వడం అతని వల్ల కాలేదు. మందార కొమ్మ విరిచి తెచ్చి, సగం నీళ్లలో, సగం పైన ఉండేలా ఏటవాలుగా నిలబెట్టాడు.

"అయ్యో, చెత్త వేస్తారేంటండీ!"

"చెత్త కాదు, నిచ్చెన. తీశారంటే నా మీద ఒట్టే."

మర్నాడు పొద్దున మేడమ్ వచ్చేసరికి పిల్ల పుల్లెక్కింది. వీపు చీలి, నలిగిన రెక్కలతో తూనీగ బయటికొస్తోంది. మేడమ్ భుజాన సంచి కూడా దించకుండా అలాగే చూస్తూ నిలబడిపోయింది. "ఇదే," అంది చివరికి.

మేడమ్ మెచ్చుకోబోతుంటే తొట్లాయన అడ్డుపడ్డాడు. "నేనైతే చంపేసేవాణ్ణి మేడమ్. ఆ పుల్ల మా బావగారిది."

రెక్కలు ఆరగానే తూనీగ కిటికీలోంచి ఎగిరిపోయింది. మిగిలిన పుల్లనూ, దానికి అంటుకున్న కుబుసాన్నీ మేడమ్ గుమ్మం దగ్గరి పెట్టెలో పెట్టించింది. మాలి గొల్లభామను పొదలో వదిలేసి, ఛాతీ విరుచుకుని కూతురికి ఫోన్ చేశాడు.

"అమ్మా, పెట్టె ఎక్కాం!"

"ఏ పురుగు నాన్నా?"

"పురుగు మీ మామగారిది. అది పట్టుకున్న కొమ్మ మనది."