ఐదోసారి కుదుపు

అటవీశాఖ పాత నీళ్ళ లారీ ఒకటి ఊరికే ఇస్తామని ఉత్తరం రాసేసరికి, లోయలోని అగ్నిమాపక దళమంతా కదిలి వచ్చింది. అంతా అంటే ఇద్దరు. దళానికి పెద్దదిక్కు కెండ్రా, లారీ తోలే హార్లన్. మిగతా తొమ్మిదిమందీ గడ్డి కోతల్లో ఉన్నారు.

యార్డులో రెండు లారీలు పక్కపక్కనే నిలబడి ఉన్నాయి. ఒకటి ఎర్రది, ఒకటి ఆకుపచ్చది. రెండూ ఒకే ఏడాదివి, ఇంజనూ ఒకటే, నాలుగు గేర్ల ఆటోమేటిక్ గేర్‌బాక్సూ ఒకటే. బాక్సుల మీద ఉండాల్సిన వివరాల రేకులు మాత్రం రెండింటికీ లేవు. మధ్యాహ్నంలోగా ఏదో ఒకటి ఎంచుకుని సంతకం పెట్టాలి. పెట్టాక పదేళ్ళదాకా మార్చుకోవడానికి లేదు.

"ఎర్రదే," అంది కెండ్రా. "ఆ టైర్లు చూడు పెద్దాయనా, చర్చికెళ్ళే బూట్లలా మెరుస్తున్నాయి."

హార్లన్ నేల మీద వెల్లకిలా పడుకున్నాడు. ఎర్రదాని కింద దూరి, వీపు మీద పాక్కుంటూ ఆకుపచ్చదాని కింద నుంచి బయటికి వచ్చాడు.

"రేకేమైనా దొరికిందా?"

"మట్టి దొరికింది."

పోయిన ఆగస్టులో, నిండు ట్యాంకుతో క్రేన్ కొండ ఎక్కుతూ వాళ్ళ పాత లారీ సగం దారిలో ఉడికి ఆగిపోయింది. కొండ మీద ఆర్డిస్ కొట్టం తగలబడుతోంది. ఆర్డిస్ హార్లన్ చెల్లెలు. వెయ్యి గ్యాలన్ల నీళ్ళు వెనక పెట్టుకుని, స్టీరింగు ముందు కూర్చుని అతను ఆ పొగ చూశాడు. గాలి తిరిగింది కాబట్టి ఇల్లు మిగిలింది. ప్రతి ఏడూ తిరుగుతుందని ఎవరు చెప్పగలరు.

ఆటోమేటిక్ లారీలో ఇంజనుకీ గేర్‌బాక్సుకీ నడుమ నూనె నిండిన గుండ్రటి డబ్బా ఉంటుంది. టార్క్ కన్వర్టర్ అంటారు. ఇంజను నూనెను తిప్పుతుంది, ఆ నూనె బాక్సును తిప్పుతుంది. చదునులో బాగానే ఉంటుంది. ఎత్తులో బరువుతో ఎక్కేటప్పుడు నూనె జారుతుంది, జారినకొద్దీ కాగుతుంది. కొన్ని డబ్బాల్లో ఒక పళ్ళెం ఉంటుంది. వేగం అందుకోగానే అది ఇంజనునీ బాక్సునీ కలిపి బిగించి పట్టుకుంటుంది. దాన్నే లాకప్ అంటారు. ఇక జారడం ఉండదు, కాగడం ఉండదు. క్రేన్ కొండకు అలాంటిది కావాలి. అది ఉందో లేదో పైనుంచి చూస్తే తెలియదు.

"రోడ్డెక్కించి చూస్తాం," అన్నాడు హార్లన్.

యార్డు కాపలాదారు బర్ల్ కాఫీ కప్పు దించకుండానే తల అడ్డంగా ఊపాడు. "గేటు దాటకూడదు. బీమా లేదు. అయినా ఆ ఆకుపచ్చదాన్ని కూడా చూడ్డమెందుకయ్యా? అది రోగిష్టిది. అద్దానికి కట్టిన చీటీ చదువుకో."

చీటీ ఎండకు పసుపెక్కింది. ఎవరో పాత డ్రైవరు పెన్సిలుతో రాశాడు: 'గేర్లు నాలుగే. ఐదోసారి కుదుపుతోంది. షెడ్డులో మూడుసార్లు చూపించాను. ఏమీ లేదంటున్నారు.'

"విన్నావా?" అంది కెండ్రా. "ఎర్రదే తీసుకుందాం. ఇంటికెళ్ళి స్నానం చెయ్యి, నీ ముఖం చూడలేకుండా ఉన్నాను."

హార్లన్ ఆ చీటీని రెండోసారి చదివాడు. మూడోసారి కూడా చదివాడు.

"బర్లూ, జాకీలున్నాయా?"

"ఉన్నాయి. పనిచేసే మనుషులే లేరు."

"గేటు దాటంలే."

ట్యాంకులు ఎలాగూ ఖాళీవే. ముందు చక్రాలకు అడ్డుదిమ్మలు పెట్టి, ఎర్రదాని వెనక ఇరుసు కింద స్టాండ్లు పెట్టి చక్రాలు గాల్లోకి లేపారు. బర్ల్ విసుక్కుంటూనే అందరికంటే ఎక్కువ చెమటోడ్చాడు. హార్లన్ ఎక్కి గేరులో వేసి యాక్సిలరేటర్ నొక్కాడు. కెండ్రా పక్కసీట్లో కూర్చుని లెక్కపెట్టింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. అంతే. అతను కాలు తీయగానే ఇంజను తిరుగుళ్ళు చూపే ముల్లు ఒక్కసారిగా కిందికి పడిపోయింది. చక్రాలు మాత్రం ఇంకా బర్రున తిరుగుతూనే ఉన్నాయి.

"చూశావా, ఎంత మెత్తగా ఉందో," అంది కెండ్రా.

"మెత్తగానే ఉంది. ఇంజను దారి ఇంజనుది, చక్రాల దారి చక్రాలది. దిగుడులో పట్టి ఆపేదెవరు?"

ఆకుపచ్చదాన్ని లేపేసరికి పదకొండున్నర. ఒకటి, రెండు, మూడు, నాలుగు. తర్వాత, ఎవరో వెనకనుంచి భుజం తట్టినట్టు, చిన్న కుదుపు. గేరు మారలేదు. నొక్కిన కాలు కదలలేదు. ముల్లు మాత్రం రవ్వంత దిగి నిలబడింది.

"ఐదు," అంది కెండ్రా, గొంతు తగ్గించి.

హార్లన్ కాలు తీశాడు. ముల్లు పడిపోలేదు. చక్రాలు నెమ్మదించినకొద్దీ వాటితోపాటే దిగుతూ వచ్చింది, తాడు పట్టి నడిపిస్తే దూడ వెంట వచ్చినట్టు.

కిటికీలోంచి తొంగిచూస్తున్న బర్ల్ కాఫీ చల్లారిపోయింది. "అంటే రోగం కాదా?"

"కాదు, అది పళ్ళెం పట్టుకోవడం. పాపం ఆ డ్రైవరు సరిగ్గానే లెక్కపెట్టాడు. వినేవాళ్ళే లేకపోయారు."

కెండ్రా సంతకం పెట్టింది. పెడుతూ ఎర్రదాని టైర్ల వైపు ఒకసారి చూసి నిట్టూర్చింది. "పైకి ఎక్కకపోయిందో, నిన్నే తోయమంటాను పెద్దాయనా."

ఆదివారం వెయ్యి గ్యాలన్లు నింపుకుని క్రేన్ కొండ ఎక్కారు. పోయినేడు ఆగిన మలుపు దగ్గర హార్లన్ వేడి చూపే ముల్లు వైపే చూశాడు. అది నడుమనే నిలబడింది, కదల్లేదు. పైన ఆర్డిస్ వాకిట్లోకి వచ్చి, ఏప్రన్‌కి చేతులు తుడుచుకుంటూ లారీ చుట్టూ ఒకసారి తిరిగింది.

"రంగు బాలేదు అన్నయ్యా."

"అవును."

"టైర్లూ బాలేవు."

"అవును."

"తినడానికి యాపిల్ పై చేశాను, లోపలికి రా. బూట్లు బయటే విప్పు."

లోపలికి వెళ్ళేముందు అతను చొక్కా జేబులోంచి పెన్సిలు తీశాడు. అద్దానికి ఉన్న చీటీని ఊడదీయలేదు. దాని కిందే రాశాడు: 'కుదపనివ్వండి.'