అన్న గొంతు

సినిమాల్లో పోలీసు అధికారి గద్దించినా, విలన్ పళ్లు కొరికినా సగం సార్లు ఆ గొంతు అతనిదే. అంత గొంతున్న మనిషిని ఇంట్లో పిలిచే పేరు పిట్ట.

పదమూడేళ్లప్పుడు ఆ పేరు అతికినట్టు సరిపోయేది. సన్నటి గొంతు, మాటకంటే ముందే ఊగే చేతులు. బడిలో పిల్లలు ఏడిపించని రోజు లేదు. అన్న రోజూ పొద్దున్నే మేడ మీదికి తీసుకెళ్లి, చేతులు వెనక్కి కట్టుకోమని పేపరు చదివించేవాడు. తానొక వాక్యం చదివితే తమ్ముడు అదే గొంతుతో అప్పజెప్పాలి.

"మాట కడుపులోంచి రావాలిరా. నేను పక్కన లేనప్పుడు నిన్నెవడైనా కొడితే ఎలా?" అనేవాడు.

అది కోపం కాదు, భయం. ప్రేమతో పెట్టే హింసకు ఎదురు తిరగడం ఎవరి తరం? రెండేళ్లలో తమ్ముడి గొంతు అచ్చుగుద్దినట్టు అన్న గొంతే అయిపోయింది. చేతులూ బుద్ధి తెచ్చుకున్నాయి. మగవాళ్ల మీదికి పోయే మనసు మాత్రం ఏ పాఠానికీ లొంగలేదు.

తర్వాత అన్న లారీ కింద పడి చనిపోయాడు. అప్పటినుంచి తల్లి రోజూ సాయంత్రం ఫోన్ చేసి, ఏదో ఒకటి మాట్లాడమంటుంది. అవతల ఆవిడ ఎవరిని వింటోందో పిట్టకు తెలుసు. అద్దం ముందు తాను దగ్గినా చచ్చిపోయినవాడు దగ్గినట్టే ఉంటుంది.

ఒకసారి డబ్బింగ్ మధ్యలో మైకు ఆపడం మరిచిపోయారు. పిట్ట స్క్రిప్టు తిరగేస్తూ, తనకు తెలియకుండానే పాత సన్నటి గొంతుతో కూనిరాగం తీశాడు. అద్దం అవతలి సౌండ్ ఇంజనీరు ఉలిక్కిపడి, లోపల ఇంకెవరున్నారని అడిగాడు. ఎవరూ లేరని తెలిశాక కూడా ఆ ముక్క చెరిపేయలేదు. పరిచయం ముదిరి ప్రేమైంది. ఒకే ఇంట్లో ఉందామనేదాకా వచ్చింది. కానీ పిట్ట ప్రేమగా ఏం చెప్పినా ఇంజనీరు మొహం అదోలా అయ్యేది.

"ఇది నువ్వు చెబుతున్నట్టు లేదు. ఆరోజు పాడినవాడు చెబితే వింటాను," అన్నాడు చివరికి.

పిట్టకు తిండి సహించలేదు. గొంతు మారిస్తే తల్లికి పెద్దకొడుకు రెండోసారి పోతాడు. మార్చకపోతే ఈ మనిషి దక్కడు.

ఓ సాయంత్రం తల్లి ఫోన్ రాగానే, ఇంజనీరు పక్కనుండగానే, ఎన్నేళ్లుగానో దాచిన గొంతుతో మొదలుపెట్టాడు. తానొక మగవాణ్ని ప్రేమించానని, ఇక అతనితోనే బతుకుతానని పూసగుచ్చినట్టు చెప్పేశాడు.

అవతల తల్లి నెమ్మదిగా, ఏ కోపమూ లేకుండా మాట్లాడింది.

"నీ ఇష్టం పిట్టా. ఎక్కడున్నా సుఖంగా ఉండు. సరేగానీ, ఫోన్ ఒకసారి అన్నయ్యకివ్వు. ఇవాళ వాడింకా నాతో మాట్లాడలేదు."