మిరప మంట అనుకున్నారు

నేను ఒక కత్తిని. నా వల్ల ఎవరూ చావలేదు. చచ్చాకే నా దగ్గరికొస్తారు.

కొలిమిలో పుట్టి, సానరాయి మీద పదునుదేలి, మొదట ఆపరేషన్ థియేటర్లో పన్నెండేళ్లు పనిచేశాను. పదును తగ్గిందని మార్చురీకి దింపారు. ఇక్కడివాళ్లు నొప్పి అని ఫిర్యాదు చెయ్యరు కదా.

ఆ మధ్యాహ్నం బల్ల మీద ఉన్నది సాంబయ్య. గుంటూరు మిర్చి యార్డు హమాలీ, నలభై ఆరేళ్లు. పొద్దున బస్తాల వరస కోసం తోటి హమాలీ గాలెయ్యతో గొడవపడ్డాడు. గాలెయ్య నెట్టాడు. సాంబయ్య మెట్టు మీద పడి మళ్లీ లేవలేదు. నుదుటి మీద రెండంగుళాల గాయం. గాలెయ్య బేడీలతో వరండాలో కూర్చున్నాడు. గేటు బయట సాంబయ్య బంధువులు, చేతుల్లో కర్రలు.

"తల గాయమని రాసెయ్యండి మేడం," అన్నాడు ఎస్సై. "వంద మంది చూశారు. జనం ఆగేట్టు లేరు."

డాక్టర్ హైమావతి పుర్రె తెరిపించింది. ఎముక చిట్లలేదు. లోపల రక్తం చేరలేదు. దెబ్బ చర్మం దగ్గరే ఆగిపోయింది.

"మరి దేంతో చచ్చినట్టు?" ఎస్సై గొంతు మారింది.

సహాయకుడు యేసుపాదం ఇరవై ఏళ్ల అలవాటు కొద్దీ గుండెను ఒక్క కోతతో తెరిచి లోపలికి తొంగిచూశాడు. "గుండె బానే ఉందమ్మా. కుట్టేద్దామా?"

"నాళాలు చూడలేదుగా. ఇటివ్వు."

ఆవిడ నన్ను అందుకుని, గుండె ముందు భాగంలో దిగే ఎడమ నాళాన్ని బెండకాయ తరిగినట్టు అడ్డంగా, సన్నగా కోయసాగింది. మొదటి ముక్క మెత్తగా తెగింది. రెండోదీ అంతే. బయట ఎవరో గేటును తన్నారు. మూడోది. నాలుగోది. ఎస్సై గడియారం చూసుకున్నాడు.

ఐదో కోతలో నాకు అడ్డు తగిలింది. ఇసుక మీద గీసినట్టు కరకరమంది.

నాళం గోడల నిండా గట్టిపడిన కొవ్వు, సున్నం. మధ్యలో సూది పట్టేంత దారి. ఆ దారిని కొత్త రక్తపు గడ్డ మూసేసింది. పక్కన కండరంలో తెల్లటి మచ్చ. అంతకు ముందే ఒకసారి గుండెపోటు వచ్చి వెళ్లింది.

ఆవిడ కిటికీలోంచి సాంబయ్య భార్య నాగరత్నాన్ని పిలిచింది. "ఛాతీలో నొప్పి అనేవాడామ్మా?"

"నొప్పి లేదమ్మా. మంట అనేవాడు. యార్డులో దిగినోళ్లందరికీ మిరప మంటే గదా. మజ్జిగ తాగి మళ్లీ బస్తా ఎత్తేవాడు."

గుండె నాళం మూసుకుపోయి మరణం, తల గాయం ప్రాణాంతకం కాదు అని డాక్టర్ రాసింది.

"నెట్టాడు మేడం," అన్నాడు ఎస్సై.

"నెట్టినందుకు కేసు మీరు పెట్టుకోండి. తల పగిలి చచ్చాడని నేను రాయను."

కిటికీ దగ్గర అంతా విన్న నాగరత్నమే గేటు దాకా నడిచి వెళ్లి కర్రలు దింపించింది. గాలెయ్య ముఖంలో మాత్రం సంతోషం లేదు. చొక్కా చెమటతో తడిసిపోయింది. బేడీల చేతులు రెండూ ఛాతీకి ఆనించుకున్నాడు.

"అమ్మా," అన్నాడు కిటికీ వైపు తిరిగి. "నాకూ పది రోజుల్నుంచి మంటే. మజ్జిగే తాగతన్నా."

హైమావతి నన్ను పళ్లెంలో పడేసి బయటికి పరుగెత్తింది. "ముందు స్ట్రెచర్ తెండి. బేడీలు తర్వాత."

ఇప్పుడు నేను తుప్పు పట్టి, పనికిరాని సామాను డబ్బాలో ఉన్నాను. ఆ రోజు తర్వాత ఇంకో మూడేళ్లు పనిచేశాను. బల్ల మీదికి ఎవరిని తెచ్చినా ముందు ముఖం చూసేదాన్ని.

గాలెయ్య రాలేదు.