జగన్మోహనరావు నెత్తి మీది చేపలు

జగన్మోహనరావుకు మొండితనం పుట్టుకతో వచ్చింది. నడుంనొప్పి మాత్రం స్కూటరుతో వచ్చింది. నాంపల్లి సందులో వాన బురదలో దిగబడ్డ బండిని, నలుగురు మనుషులు పక్కనే ఉండగా, ఎవర్నీ పిలవకుండా ఒక్కడే లాగబోయి అక్కడే చతికిలపడ్డాడు. డాక్టరు చెక్క బల్ల మీద వెల్లకిలా పడుకోమన్నాడు. దిండు వద్దు, పక్కకు తిరగొద్దు, తల ఎత్తొద్దు. గన్‌ఫౌండ్రీ బ్యాంకులో పనిచేస్తూ, వచ్చిన ప్రతివాడితో కబుర్లాడే మనిషికి ఇప్పుడు పైకప్పు తప్ప దిక్కు లేకుండా పోయింది.

భార్య నాగరత్నానికి ఆయన నొప్పి కంటే ఆయన మౌనమే ఎక్కువ భయంగా ఉంది. మొదట్లో అందర్నీ తిట్టాడు. డాక్టర్నీ, స్కూటర్నీ, మునిసిపాలిటీనీ ఎవర్నీ వదల్లేదు. అప్పుడావిడకు దిగుల్లేదు. తర్వాత తర్వాత తిట్టడం మానేశాడు. ఒకరోజు కాఫీలో పంచదార వెయ్యడం మర్చిపోతే మాట్లాడకుండా తాగేశాడు. ఆవిడ వంటింట్లోకి పోయి గోడకానుకుని ఏడ్చింది. మనిషి లోపల్లోపలే ఆశ వదిలేసుకుంటున్నాడని ఆవిడకు అర్థమైపోయింది.

ఆయన్ని మళ్లీ కదిలించింది చేపలే. ఏటా జరిగే నుమాయిష్ ఎగ్జిబిషన్‌లో చూసినప్పటి నుంచి ఇంట్లో చేపల తొట్టె ఉండాలని ఆయనకు ఒకటే మోజు. పడిపోవడానికి ముందు అబిడ్స్‌లో బంగారు చేపలూ, వాటితోపాటు ఒక నల్లదీ కొనుక్కొచ్చాడు కూడా. తొట్టె కొనేలోపు నడుం పడిపోయింది. ఇంటి ఓనరు రాజనర్సు జాలిపడి ఇరానీ హోటలు నుంచి బిస్కట్లు పోసే పెద్ద గాజు సీసా తెచ్చిస్తే, పాపం ఆ చేపలు అందులోనే తిప్పలు పడుతున్నాయి.

ఆ రాజనర్సే ఒక పొద్దున పారదర్శకంగా ఉన్న పలక ముక్క ఒకటి పట్టుకుని వచ్చాడు. ఆయన రైల్వేలో ఫిట్టరు, కొత్త సరుకు ఏది కనబడినా చేత్తో తట్టి చూడందే ఊరుకోడు.

"సారు, గిది జూడుర్రి జర. గాజు గాదు, అక్రిలిక్ అంట. అబిడ్స్‌ల దుకాణాల బోర్డులన్నీ గిప్పుడు దీనితోనే జేస్తున్నరు. కింద వడ్డా పలగదు. తొట్టె దీనితోని చేయిద్దాం."

జగన్మోహనరావు కళ్లు తెరిచాడు. "ప్లాస్టిక్కా? ప్లాస్టిక్ తొట్టెలో చేపలేమిటయ్యా! గోరు తగిలితే గీత పడుతుంది. నాలుగేళ్లకు పచ్చబడుతుంది. గాజైతే తరతరాలు మన్నుతుంది. రత్నం, కోఠిలో ఇనుప ఫ్రేముకు గాజు బిగించేవాడున్నాడు, వెళ్లి చెప్పిరా. ఇలాంటి ముక్కలు ఇంట్లోకి రానివ్వకు."

రోజుల తరబడి నోరు విప్పని మనిషి అన్ని మాటలు ఒక్క గుక్కలో అనేసరికి నాగరత్నానికి ప్రాణం లేచొచ్చింది. చెప్పులు వేసుకుందో లేదో కూడా చూసుకోకుండా కోఠి బస్సెక్కి, తొట్టె పురమాయించి వచ్చింది. నాలుగు వైపులా గాజు, మూలలకు ఇనుము, అడుగున దళసరి రేకు. రాజుగారి సొత్తులా ఉంటుందని కొట్టువాడు హామీ ఇచ్చాడు.

మధ్యాహ్నం ఆయన కునుకు తీస్తుండగా తొట్టె ఎక్కడ పెట్టాలా అని గదంతా తిరిగింది. కిటికీ దగ్గరా, బీరువా మీదా, ఆయన కాళ్ల వైపా? ఏదీ తేలక, బల్ల పక్కనే నేల మీద ఆయనలాగే వెల్లకిలా పడుకుంది. తల కదపకుండా చూసింది.

దూలాలు కనబడ్డాయి. ఒక బల్లి కనబడింది. అంతే. కిటికీ లేదు, బీరువా లేదు, చేపల సీసా లేదు. తొట్టె ఏ మూల పెట్టినా ఈ మనిషికి కనబడదు, పైన పెడితే రేకు కనబడుతుంది! అద్దం పట్టుకుని సీసా చూపిద్దామని అంతకుముందు ఒకసారి ప్రయత్నించింది కానీ, చెయ్యి వణికి, చేపలు వంకర తిరిగి, ఆయన విసుక్కున్నాడు. మరి అంత తెలివైన మనిషి తనకు కనబడని తొట్టె కోసం గాజే కావాలని ఎందుకు పట్టుబట్టాడు? ఆ సంగతి ఆలోచించేంత తీరిక ఆవిడకు లేదు. లేచి మళ్లీ పరుగెత్తింది.

అబిడ్స్‌లో బోర్డుల దుకాణం శ్యామ్‌సుందర్‌ది. గోడ నిండా ఎర్రవీ నీలివీ అక్షరాలు వేలాడుతున్నాయి.

"అరే అమ్మా, మేం దుకాణాల పేర్లు జేస్తం. చేపలకు ఇండ్లు జెయ్యం" అన్నాడు.

"అడుగులోంచి కూడా అద్దంలోంచి చూసినట్టు కనబడాలండీ. కింది నుంచి చూడాలి. మా ఆయన పైకి తప్ప ఎటూ చూడలేరు. గాజు నెత్తి మీద పెడితే నాకు కంటి మీద కునుకుండదు. ఇదైతే పగిలి మీద పడదు కదా?"

శ్యామ్‌సుందర్ చేతిలో బీడీ అలాగే ఉండిపోయింది. "కింది నుంచా?" అన్నాడు. తల పైకెత్తి, లేని తొట్టెను కాసేపు చూశాడు. "క్యా బాత్ హై! పొట్టలు కనబడ్తయ్ కదా చేపలవి! ఆగు, దళసరి పలక ఉన్నది. లోతు తక్కువ జేద్దాం, బరువు నీళ్లదే తప్ప దీనిది గాదు. ఔ, ఒక్క మాట. బూడిద, కొబ్బరి పీచు వెట్టి తోమినవో, ఖతం. మెత్తటి గుడ్డ, ఉత్త నీళ్లు."

ఇక ఆ ఇంట్లో హడావుడి చూడాలి. కోఠి వాడి దగ్గరకు పోయి వద్దని చెబితే సణిగి ఊరుకున్నాడు. రాజనర్సు బల్లకు అడ్డంగా ఇనుప కాళ్ల స్టాండు బిగించడానికి కొలతలు తీశాడు. ఆయన భార్య కిష్టవ్వ వాకిట్లో కొత్త తొట్టె నింపి, ఒక పగలంతా దాని ముందు కూర్చుని, చుక్క కారుతుందేమోనని వేలితో తడిమి చూసింది. జగన్మోహనరావుకు మాత్రం ఎవరూ ఏమీ చెప్పలేదు. స్టాండు గాజు తొట్టెకే అనుకున్నాడు.

తొట్టెను తన ముఖానికి పైగా స్టాండు మీదికి ఎక్కించగానే ఆయన పసిగట్టాడు.

"ఇది ప్లాస్టిక్! రత్నం, నేనేం చెప్పాను? నా మాటకు విలువ లేదా ఈ ఇంట్లో?"

పెళ్లయ్యాక ఆవిడ ఆయన మాట కాదనడం ఇదే మొదలు. "తర్వాత తిట్టండి" అని, సీసాలో చేపల్ని తొట్టెలోకి వంచింది.

మొదట నీళ్లు కలకబారి ఏమీ కనబడలేదు. తర్వాత తేటపడ్డాయి. కిటికీలోంచి వచ్చిన ఎండ నీళ్లలో దూరి ఆయన ముఖం మీద వెలుగై మెలికలు తిరిగింది. ఒక చేప తెల్లటి పొట్ట ఆడించుకుంటూ ఆయన ముక్కుకు సరిగ్గా పైన ఆగి, నోరు తెరిచి మూసింది.

ఆయన నోరు కూడా అలాగే తెరుచుకుంది.

"ఓరి దీని దుంప తెగ! గడ్డం చూడు దీనికి! రాజనర్సూ, రెక్కలు ఎలా తెడ్డేస్తోందో చూశావా? అదిగో నల్లది వస్తోంది, జరుగు జరుగు, వెలుతురుకు అడ్డం నిలబడతావేమయ్యా!" గొంతు వీధిలోకి వినబడింది. వీధిలోవాళ్లు లోపలికొచ్చారు. కిష్టవ్వ ఎవర్నీ అడక్కుండా చాప పరిచి నేల మీద పడుకుని, "గిటు జూడుర్రి, ఎగిరినట్లే ఉన్నయ్!" అని చప్పట్లు కొట్టింది. ఒకరి తర్వాత ఒకరు వంగి, మెడలు పైకి తిప్పి చూసి, పడీపడీ నవ్వుకున్నారు. నాగరత్నం తలుపు దగ్గర నిలబడి చూస్తోంది. చేపల్ని కాదు, ఆయన్ని.

"రత్నం, నువ్వు రావేం? ఇలా రా. ఇక్కడ పడుకుంటేనే బాగుంటుంది" అన్నాడాయన, బల్ల మీద తన పక్కన చోటు చూపిస్తూ.

పట్టపగలు, ఇంటి నిండా జనం. ఆవిడ ముఖం జేవురించింది.

"ఏంది బిడ్డా, గా సారు పిలుస్తలేడా? పో, పండుకో" అంది కిష్టవ్వ, పైనున్న చేపల మీంచి చూపు మరల్చకుండానే.

ఆవిడ కొంగు సర్దుకుని, ఆయనకు తగలకుండా బల్ల అంచున పడుకుంది. పైన చేపలు నింపాదిగా తిరుగుతున్నాయి. కాసేపటికి ఆయన చాలా చిన్న గొంతుతో మాట్లాడాడు.

"ఇక లేవననుకున్నాను రత్నం. నేను చూస్తానని కాదు. నేను లేకపోయినా నీకు చాలాకాలం ఉండాలని గాజు చెప్పాను."

ఆవిడ పైకే చూస్తూ చేత్తో ఆయన చెయ్యి వెతికి పట్టుకుంది.

"మీకు కనబడనిది నాకెందుకండీ?" అంది.

చేప ఒకటి వాళ్లిద్దరి మీదుగా ఈదుకుంటూ అటు వెళ్లింది. ఆయన మళ్లీ గొంతు పెంచాడు. "రాజనర్సూ! ఆ నల్లదానికి మేత వెయ్యి. పక్కదాన్ని తినేట్టు చూస్తోంది!"