మూడో గుంజ

నిటారుగా ఉన్నదే సరైనదని మనుషులు ఎందుకనుకుంటారో. పోలీసు నిటారుగా నిలబడితే మర్యాద, ధ్వజస్తంభం నిటారుగా ఉంటే అందం. కాని ఏటవాలుగా దిగే బొగ్గుబాయిలో నిటారుగా నిలబెట్టిన గుంజ అబద్ధం. ఆ మాట నలుగురికీ చెప్పాలని నాలుగేళ్లుగా దస్రు మనసులో ఉంది. ఇవాళ కూడా గేటు తాళం తీస్తూ అదే అనుకున్నాడు, తలుపు తోసి లోపలికి దిగాడు.

ఇంక్లైన్ అని పిలిచే ఆ పాత ఏటవాలు బాయి మూతపడి ఆరేళ్లయింది. మొదటి నలభై గజాలు కంపెనీ బాగుచేయించి, కరెంటు దీపాలు పెట్టించి, కార్మికులు ఒకప్పుడు ఎట్లా బతికారో చూడవచ్చేవాళ్లకు చూపించే చోటుగా మార్చింది. పట్టాల మీద బొగ్గు మోసే ఖాళీ టబ్బు ఒకటి, పక్కన తట్టా, బొగ్గెత్తే చెమ్మసూ. గోడకు కొట్టిన చెక్క మీద గొడ్డలి, రంపం, సుత్తి. వాటి కింద ఎర్ర అక్షరాలతో ‘పనిముట్లు ముట్టరాదు’ అని రాసి ఉంది. ముప్పయి రెండేళ్లు బాయి కప్పు కింద గుంజలు నిలబెట్టే టింబర్‌మన్‌గా చేసి, ఎడమచేతి రెండు వేళ్లు టబ్బుల మధ్య పోగొట్టుకున్న దస్రును తేలిక డ్యూటీ అని ఇక్కడ వేశారు. ఇవాళ ఆఖరి మస్టరు, రిటైరవుతున్నాడు. నాలుగింటికి ఆఫీసులో శాలువా కప్పుతారు, టీ ఇస్తారు.

పొట్టి మనిషి. దుంగలు మోసి మోసి కుడిభుజం ఎడమదానికంటే రెండంగుళాలు కిందికి జారింది. నుదుటి మీద చర్మం కింద చిక్కుకున్న బొగ్గుపొడి నీలంగా, పచ్చబొట్టులాగా కనిపిస్తుంది. నడుస్తూ చేతికర్రతో పైకప్పును తడుతున్నాడు. గట్టి కప్పు కంచు పళ్లెంలా మోగుతుంది. పగులు విడిచిన కప్పు తడిసిన డప్పులా మూలుగుతుంది. ఇప్పుడిక్కడ ఆ అవసరం లేదు. పైన ఇనుప గర్డర్లున్నాయి. అయినా చెయ్యి ఊరుకోదు. తండాలో తన ఇంటి వాసాలను కూడా తట్టి చూస్తుంటే భార్య సోమ్లి పళ్లికిలించి నవ్వేది.

గర్డర్ల కింద వరుసగా ఎనిమిది చెక్క గుంజలు. అవి అలంకారం. వాటిని నిలబెట్టింది పట్నం నుంచి వచ్చిన కాంట్రాక్టరు వడ్రంగులు. గుండుదారం వేలాడదీసి, వెంట్రుకవాసి తేడా లేకుండా నిటారుగా నిలిపారు. పైన మిగిలిన సందులో సిమెంటు కూరి, వార్నీషు పూశారు. బాయి కొండవాలున దిగుతున్నప్పుడు గుంజ కూడా కాస్త పైవైపుకు ఒరిగి నిలవాలని, దాని తలకూ కప్పుకూ మధ్య ఒక చెక్క పలక ఉండాలని, బరువు దిగితే ముందు ఆ పలక నలిగి చిటపటమని చెప్తుందని వాళ్లకు ఎవరు చెప్తారు? మూడో గుంజకు పైన సిమెంటు కూడా రాలిపోయింది. చేత్తో తిప్పితే తిరుగుతుంది.

మొదటి వారంలోనే ఆదినారాయణకు చెప్పాడు. చూడవచ్చేవాళ్ల పేర్లు రిజిస్టరులో రాయించుకునే క్లర్కు ఆయన.

“దస్రూ, అది షో కోసం. దాని మీద కొండ లేదు, ఏం లేదు. పైనుంచి ఆర్డర్ లేకుండా మేకు కూడా కొట్టొద్దు” అన్నాడు ఆదినారాయణ.

అప్పటినుంచి దస్రు ఒక అలవాటు చేసుకున్నాడు. జనం రాగానే పోయి మూడో గుంజ ముందు నిలబడతాడు. దానికి వీపు ఆనించకుండా, దాన్ని వీపుతో కప్పుతూ. మొదట్లో అది ఎవరైనా తిప్పుతారనే భయం అనుకున్నాడు. తర్వాత తెలిసింది, భయం కాదు. ఎవరి చొక్కానో తొడుక్కుని పెళ్లికి పోయినట్టుండేది. “ఎంత బాగా నిలబెట్టారండీ” అని ఎవరన్నా అంటే తల ఊపేవాడు. ఊపిన ప్రతిసారీ లోపల ఏదో ఒక అంగుళం కిందికి జారేది, భుజంలాగే.

పదకొండింటికి గేటు ముందు బస్సు ఆగింది. ముదిగొండ వైపు నుంచి భద్రాచలం పోతున్న ఆడవాళ్లు. టీకి దిగి, బోర్డు చూసి లోపలికి వచ్చారు.

“అమ్మో, గింత చల్లగున్నదేందే! బాయి అంటే కొలిమి అనుకున్న” అంది ఒకామె.

“కొలిమేనమ్మా. పని ఆగింది, సల్లారింది” అన్నాడు దస్రు, మూడో గుంజ ముందు తన చోట నిలబడి.

అందరి వెనక నుంచి ఒక ముసలామె పట్టాలు దాటుకుంటూ వచ్చింది. పొడుగు మనిషి, బోడి మెడ, చేతిలో గుడ్డసంచి. దీపం కిందికి వచ్చాక దస్రు పోల్చుకున్నాడు. పిచ్చయ్య భార్య రామక్క. పిచ్చయ్య, తను ఇరవై రెండేళ్లు ఒకే జోడి. ఒకరు గుంజ పట్టుకుంటే ఒకరు సుత్తి వేసేవాళ్లు. పని నేర్పింది పిచ్చయ్యే.

“వదినె! అన్న రాలేదా?”

“ఆయన సంగతి తర్వాత చెప్త. బస్సోడు అర్ధగంటే ఇచ్చిండు. ముందుగాల ఆయన గుంజ చూపియ్యి.”

“ఏ గుంజ?”

“ఏ గుంజేంది? నువ్వే కదా ఉత్తరం రాయించినవ్, మనం కొట్టిన గుంజలు గట్లనే ఉన్నయ్ అన్నా, దునియా వచ్చి చూస్తున్నది అని. ఆ కాయితం పట్టుకొని ఊరంత తిరిగిండు. చదువొచ్చినోడు కనబడితే చాలు, చదివిచ్చుకునుడు. భద్రాద్రి పోతే బాయి చూడకుండ రావొద్దన్నడు.”

నిజమే. రెండేళ్ల కింద పిచ్చయ్య అడిగించాడు, మన గుంజలు ఏమైనా మిగిలినయా అని. ఒక్కటీ మిగల్లేదు. మరమ్మతులో అన్నీ పీకేశారు. కాని ఉత్తరం రాస్తున్న ఆదినారాయణ కలం ఎత్తి “ఏమని రాయను?” అన్నప్పుడు దస్రు నోటినుంచి ‘ఉన్నాయి’ అని వచ్చేసింది.

ఇప్పుడు చెయ్యెత్తి దేన్నో ఒకదాన్ని చూపిస్తే సరిపోతుంది. ఐదోది బాగానే కనిపిస్తుంది. రామక్క దాన్ని తడుముకుని, కళ్లకద్దుకుని బస్సెక్కుతుంది. ఎవరికీ నష్టం లేదు. దస్రు చెయ్యెత్తాడు కూడా. ఆమె మాత్రం చేతిని చూడలేదు, దస్రు ముఖాన్నే చూస్తోంది. చెయ్యి దిగింది.

“ఈడ అన్నది ఒక్కటి లేదు వదినె. నేను అబద్ధం రాయించిన. ఇవన్ని బయటోళ్లు పెట్టిన బొమ్మలు.” పక్కకు జరిగాడు. మూడో గుంజను అరచేత్తో తిప్పాడు. కుండమూతలా తిరిగింది.

ఎవరో కిసుక్కున నవ్వారు. రామక్క నవ్వలేదు.

“మరి నువ్వున్నవ్ కద, నాలుగేండ్ల సంది. నీకు చేతులు లేవా?” అంది.

దస్రు గోడ దగ్గరికి నడిచి రంపం తీశాడు, సుత్తి తీశాడు.

“ఏయ్ దస్రూ! ముట్టరాదు అని రాసి లేదా?” ఆదినారాయణ రిజిస్టరు పట్టుకుని పరుగున వచ్చాడు. “ఆఖరి రోజు ఇదేం పని? పెళ్లిపందిరి వేస్తున్నవా?”

“పందిరి కాదు సారూ, పని. నాలుగేండ్ల సంది జనానికి తప్పు చూపెడుతున్న. ఇయ్యాల ఒక్కటి సక్కగ చూపెడ్త. రాసుకుంటే రాసుకోండ్రి, నా పేరు తోటి.”

ఆదినారాయణ ఆడవాళ్ల వైపు చూశాడు, గుంజ వైపు చూశాడు. రిజిస్టరు మూసి చంకలో పెట్టుకున్నాడు.

గుంజను పడుకోబెట్టి, పైన పలకకు చోటు మిగిలేలా బెత్తెలతో కొలిచి, మందం వైపు నుంచి రంపం ఆడించాడు. వార్నీషు కింద కొయ్య ఇంకా తెల్లగా ఉంది. తెగిన చోట అడవి వాసన వచ్చింది. నేల మీద వదులు మట్టిని చెమ్మసుతో గీకి గట్టి రాయి తేలేదాకా శుభ్రం చేశాడు. ఒక పాత పలక ముక్క వెతికి తెచ్చాడు. గుంజ లేపాక ఒక చేత్తో పట్టి ఇంకో చేత్తో కొట్టడం కుదరదని అప్పుడు గుర్తొచ్చింది. ఇది ఎప్పుడూ ఇద్దరి పని.

రామక్క సంచి కింద పెట్టింది. కొంగు నడుముకు చెక్కి రెండు చేతులా గుంజను కావలించుకుంది.

“పై వైపుకు జర వంచు వదినె. ఇంక జర. గంతే.”

“నాకు చెప్తవా? ఇంట్ల పిల్లల నిలబెట్టి చూపిచ్చెటోడు, గిట్ల ఒరగాలె, గిట్ల అని.”

మొదటి దెబ్బకు పలక కదిలింది. రెండో దెబ్బకు సర్దుకుంది. దస్రు చెవి పెట్టి వింటున్నాడు. అప్పుడు రామక్క, చెంప గుంజకు ఆనించే ఉంచి, మెల్లగా అంది.

“కార్తీకంల పోయిండు దస్రూ. దగ్గి దగ్గి, పొద్దుగాల నిద్రలనే. ఆ కాయితం దిండు కిందనే ఉండె.”

సుత్తి గాలిలో ఆగింది. ఆ ఉత్తరం అబద్ధమని తెలియకుండానే పిచ్చయ్య వెళ్లిపోయాడు. అది మంచిదో చెడ్డదో దస్రుకు తేలలేదు. బహుశా ఎప్పటికీ తేలదు. ఒకటి మాత్రం తెలుసు. ఈ వంపు, ఈ చెవి, ఈ దెబ్బ ఎక్కడ ఆపాలో తెలియడం, ఏదీ తనది కాదు. అన్నీ ఆయన చేతిలోంచి తన చేతిలోకి వచ్చినవే. అట్లాంటప్పుడు ఇది ఎవరు కొట్టిన గుంజ?

“గట్టిగ పట్టుకో వదినె” అన్నాడు.

మూడో దెబ్బ వేశాడు. గుంజ మోగింది, నిండుగా, కంచులాగా. బాయి లోపలి చీకటిదాకా పోయి ఆ మోత తిరిగి వచ్చింది. రామక్క చేతులు తీసి, రెండడుగులు వెనక్కు వేసి, ఏడు నిటారు గుంజల మధ్య ఒరిగి నిలిచిన ఆ ఒక్కదాన్నీ పైనుంచి కిందిదాకా చూసింది.

“అవ్. ఇదే ఆయనది” అంది.

బయట బస్సు హారన్ కొట్టింది. ఆమె సంచి తీసుకుని, వెనక్కి చూడకుండా, వెన్ను నిలుపుకుని వెలుతురులోకి ఎక్కిపోయింది. దస్రు సుత్తినీ రంపాన్నీ తుడిచి చెక్క మీద పెట్టాడు. నాలుగింటికి ముందే గేటు మూసి, తాళంచెవి ఆదినారాయణ చేతిలో పెట్టాడు.

లోపల మూడో గుంజ మొదట్లో, రంపప్పొట్టు మధ్య, గుంజ నుంచి కోసిన మూడువేళ్ల మందం కొయ్యబిళ్ల ఒకటి పడి ఉంది, తెల్లగా, ఇంకా అడవి వాసనతో.