తెడ్డు వేసే దొంగ

ఇంటి వెనక నీటిగుంటలో చేపపిల్లలు వేసింది కోడలు. వద్దని మొత్తుకున్నది అత్తగారు. పదిరోజులకే పిల్లలు సగానికి సగం మాయమయ్యేసరికి అత్తగారి నోటికి పని దొరికింది.

“వచ్చే ఆదివారం దాకా చూస్తా. అప్పటికీ తగ్గుతుంటే గుంట పూడ్చి వంగమొక్కలు పెడతా.”

“వంకాయలకీ పుచ్చు పడుతుందిగా అత్తయ్యా!”

“పడితే కంటికి కనపడి చస్తుంది.”

దొంగలు నల్ల పెంకుపురుగులని కోడలికి తెలుసు. రెండురోజులు చేతివలతో దేవి, బకెట్టెడు పట్టి కాలవలో పారబోసింది. అయినా పిల్లలు తగ్గుతూనే ఉన్నాయి. పైగా నీళ్లు కంపు కొట్టసాగాయి. చేపల పెంపకం పుస్తకం తిరగేసింది. నల్లవాటిలో రెండు రకాలట. ఒకటి చేపపిల్లల్ని కొరుక్కుతినేది, రెండోది కుళ్లిన నాచు తిని నీళ్లు బాగుచేసేది. చూడ్డానికి మాత్రం కవలలే.

మంగళవారం పొద్దున రెండు పురుగుల్ని, కాస్త నాచుని గాజుగిన్నెలో వేసి, వంటగది గట్టుమీద పెట్టుకుని తల పట్టుక్కూర్చుంది. టీకని వచ్చిన అత్తగారు గిన్నెలోకి వంగింది. పెళ్లయ్యేదాకా తండ్రి పడవ నడిపిన మనిషి ఆవిడ.

“ఓసి, వీడెవడో నా దగ్గర పని నేర్చినట్టున్నాడే!”

“ఎవరత్తయ్యా?”

“ఇడుగో. వెనక కాళ్లు రెండూ ఒక్కసారే తోస్తున్నాడు, జంట తెడ్లు వేసినట్టు. ఆ రెండోవాడు చూడు, ఒక కాలు తర్వాత ఒక కాలు. నీళ్లలో కూడా నడిచే వెళ్తున్నాడు, వెర్రిబాగులాడు.”

కోడలు పరుగున వెళ్లి, చచ్చి తేలిన చేపపిల్లను తెచ్చి గిన్నెలో వేసింది. తెడ్డువాడు ఒక్క ఉదుటున మీదపడ్డాడు. నడిచేవాడు నాచుపోగు పక్కకి తప్పుకున్నాడు.

“అయ్యో! నా వలకి చిక్కినవాళ్లలో ఎక్కువమంది ఈ మెల్లగా నడిచేవాళ్లే అయ్యుంటారు. జోరుగా పోయే తెడ్డువాళ్లు అందితేనా!”

“అంటే పాకీవాళ్లని పంపించి, దొంగలకి ఇల్లప్పజెప్పావన్నమాట!” అత్తగారు పడీపడీ నవ్వింది. కోడలికీ నవ్వాగలేదు.

“మరి గుంటలో కాళ్లెలా కనపడతాయత్తయ్యా?”

అత్తగారు గిన్నె వదల్లేదు. కాసేపటికి, “గాలికి పైకొచ్చేటప్పుడు చూడు. మంచివాడు తల పైకి పెడతాడు. దొంగ వెనకభాగం ఎత్తుతాడు, మీ మామయ్య మంచంకింద చెప్పులు వెతుక్కున్నట్టు” అంది.

“వినపడుతోంది!” అన్నారు పక్కగదిలోంచి మామగారు.

ఆరోజునుంచి గుంట గట్టుమీద రెండు పీటలు, రెండు వలలు. ఆదివారం పొద్దున కోడలు దాణా చల్లితే చేపపిల్లలు ఎగబడి, చినుకులు పడ్డట్టు నీళ్లన్నీ చిటపటలాడాయి. శుక్రవారంనుంచి ఒక్క పిల్లా తగ్గలేదు.

“వంగమొక్కలు ఎప్పుడు పెడదామత్తయ్యా?” అంది కోడలు, నవ్వు బిగబట్టి.

“వంకాయలా? వాటికి పుచ్చు పడుతుందే అమ్మాయ్. కబుర్లాపి ఆ మూల చూడు. ఎత్తాడు, ఎత్తాడు!”